పాత బంపర్ ఎవరిది

పొద్దున పది నలభైకి నేను ‘రిపేర్’ అని రాసి సంతకం పెట్టాను. పది నలభై ఒకటికి హాలియా శ్రీశైలం అరవడం మానేశాడు. నాకు అనుమానం పుట్టింది అక్కడే.

అరగంటసేపు ఆ మనిషి షెడ్డు రేకులు లేచిపోయేలా అరిచాడు. “కొత్త బంపర్ ఏస్తెనే బండి తీస్కపోత! అతుకుల బంపర్ ఏసుకొని హాలియా బజార్ల ఎట్ల తిరగాలె మేడం? ఎరువుల దుకాణం శ్రీశైలం అంటే ఒక ఇజ్జత్ ఉంటది!” అలాంటివాడు నా సంతకం పడగానే, “సరే మేడం, మీ ఇష్టం. రిపేరే కానియ్యండ్రి,” అని రుమాలు తీసి ముఖం తుడుచుకుని చాయ్ తాగడానికి పోయాడు. పరీక్ష బాగా రాసి బయటికొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

నేను ఇన్సూరెన్సు సర్వేయర్‌ని. పేరు స్వర్ణ. దెబ్బతిన్న బండి ముందు నిలబడి ఏది బాగుచేయాలో, ఏది మార్చాలో తేల్చి రాయడం నా పని. గుద్దినదెవరో తేలని కేసులొస్తే కంపెనీ వాటినీ నా నెత్తినే పెడుతుంది. పాలమూరు షెడ్లలో నాకు మొండిది అని పేరు. నిజమే. గోరంత గీత పడితే కొత్త బంపర్ అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. అందులోనూ గొంతు పెంచారా, ఇక నా పెన్ను ఒకే మాట రాస్తుంది.

ఆ రోజు నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు సైదులు అనే ట్రాలీ ఆటో డ్రైవర్‌ని కోర్టులో నిలబెట్టబోతున్నారు. చేసిన నేరం ఏమిటంటే, రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఎత్తుకుని దవాఖానలో చేర్చాడు.

జరిగింది ఇది. మంగళవారం సాయంత్రం ఆరు యాభైకి, మర్రిగూడ దాటాక, కురుమయ్య అనే గొర్ల కాపరిని ఏదో కారు గుద్ది ఆగకుండా పోయింది. యాసంగి కోతలయ్యాక హాలియా పొలాల్లో మంద మేపుకుని, పాలమూరు వైపు ఇంటికి మళ్ళిన మనిషి. భార్య గుర్వమ్మ మంద వెనుక చివరలో ఉంది, ఆమెకు కనిపించింది ఒక తెల్ల కారు వీపు మాత్రమే. వెనుక వచ్చిన సైదులు ఆటో ఆపి కురుమయ్యను ఎక్కించుకున్నాడు. ఇప్పుడు కురుమయ్య పాలమూరు పెద్ద దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు. మోసుకొచ్చినవాడే గుద్దినవాడని అక్కడి ఎస్సై తేల్చేశాడు. ఆటో ముందు లైట్లలో ఒకటి పగిలి ఉంది కదా!

బుధవారం నేను పోయి ఆ లైటు చూశాను. పగిలిన అద్దం లోపల సాలెగూడు, దాని మీద దుమ్ము. ఎన్ని నెలల కిందట పగిలిందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఎస్సైకి చూపిస్తే, “సాలెపురుగును బోనెక్కిస్తమా మేడం? గుద్దిన బండి ఇంకోటుంటే పట్టుకరాండ్రి. రేపు నాలుగింటి దాక ఆగుత,” అన్నాడు. సైదులు కటకటాల వెనుకనుంచి నా వంక చూసి, “ఇంకోసారి ఎవలు పడ్డా ఆగనమ్మా,” అన్నాడు. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ మూడ్‌లో గురువారం పొద్దున పది గంటలకు ఈ షెడ్డుకు వచ్చాను. తెల్ల కారు చూసి ఒక్కసారి ఆగాను కానీ, తెల్ల కార్లు లేనిదెక్కడ? పైగా క్లెయిమ్ కాగితంలో తేదీ సోమవారం, ఊరు హాలియా. శ్రీశైలాన్ని మామూలు ప్రశ్నలే అడిగాను.

“ఎప్పుడు తగిలింది?”

“సోమవారం, పగటీలి మూడింటికి.”

“ఏడ?”

“హాలియాలనే, మా గోదాం ముందట. గొర్రె అడ్డమొచ్చింది.”

“గొర్రెకేమైంది?”

“లేచి ఉరికింది మేడం. దానికేం కాలే, నా బంపరే పగిలింది.”

“బండి ఎవరు నడిపిన్రు?”

“నేనే. నా స్టీరింగ్ పరాయోళ్ళ చేతికియ్య.”

“హాలియాల షెడ్లు లేవా? నల్లగొండల లేవా? ఒక్క బంపర్ కోసం పాలమూరు దాక వచ్చిన్రా?”

“పనుండి వచ్చిన. చుట్టాలున్నరు.” చుట్టాల పేరు అడిగితే దగ్గాడు.

మీటరు రీడింగ్ చెప్పమన్నాను. శ్రీశైలం పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తాడు. తలుపు తీసి, సీటు అంచున కూచుని, మెడ ముందుకు సాచి అంకెలు చదివి దిగిపోయాడు. కాళ్ళు పెడళ్ళకు జానెడు దూరంలో వేలాడుతున్నాయి. నేను చూశాను, కానీ అప్పుడు దాన్ని గురించి ఆలోచించలేదు. అప్పటికే కొత్త బంపర్ పాట మొదలుపెట్టాడు, నా చెవులు కాలుతున్నాయి.

బంపర్ ఎడమ పక్క, ఫాగ్ లైటు కింద, జానెడు పగులు. ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికి, నున్నగా రుద్ది, రంగు కొడితే సరిపోయేలా ఉంది. విప్పించి లోపల చూడాలి, అది నియమం. కోపంలో విప్పించకుండానే రాసేశాను. తప్పు నాదే.

శ్రీశైలం చాయ్‌కి పోయాక డెంటర్ పరశురాములు వైపు తిరిగాను. ఈ షెడ్డులో ఇరవై ఏళ్ళుగా సొట్టలు తీస్తున్న మనిషి. అతని బల్ల మీద హీట్ గన్ అప్పటికే ప్లగ్గులో ఉంది. పక్కన వెల్డింగ్ కడ్డీలు, సబ్బు నీళ్ళ బకెట్, ఇసుక కాగితం, పళ్ళెంలో సర్దినట్టు వరసగా ఉన్నాయి.

“పరశురాములూ, గివన్ని ఎప్పుడు తీసిపెట్టినవ్?”

“పొద్దుగాల తొమ్మిదింటికే మేడం.”

“నేను రాసింది పది నలభైకి. ఏం రాస్తనో నాకే తెల్వకముందు నీకెట్ల తెలిసింది?”

పరశురాములు తల గోక్కున్నాడు. “నిన్న మాపటీలి బండి ఓనర్ సాబ్ ఫోన్ చేసిండు. స్వర్ణ మేడం వస్తది, రిపేరే రాస్తది, అన్ని తయారు పెట్టుకో, సంతకం పడంగనే కడిగి మొదలువెట్టాలె అన్నడు.”

నేను రిపోర్టు మూశాను. నిన్న సాయంత్రమే రిపేర్ కోసం సామాను సర్దించినవాడు ఈ పొద్దున కొత్తది కావాలని అరగంట గొంతు చించుకున్నాడు. అంటే ఆ అరుపులు కొత్త బంపర్ కోసం కాదు, నా మొండితనాన్ని లేపడానికి. నా కోపానికి తాళంచెవి తిప్పి నన్నే నడిపించాడు. హాలియాలో ఎరువులు అమ్ముకునే ఈ మనిషిని నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. నా పెన్ను ఎటు తిరుగుతుందో ఇతనికి ఎవరు చెప్పారు?

అప్పుడే ఫోన్ మోగింది. గుర్వమ్మ. నిన్న దవాఖానలో వాంగ్మూలం తీసుకున్నప్పుడు మా అవ్వది కూడా కురుమ కులమేనని, గొంగళ్ళకు ఉన్ని వడికేదని చెప్పాను. అప్పటినుంచి నేను ఆమెకు మేడం కాదు, చెల్లెను.

“చెల్లే, ఆయినె ఇంక కండ్లు తెరుస్తలేడు. సైదులు తమ్మున్ని ఇయ్యాల జైలుకు తోల్తరంట గద? మా పానం కాపాడినోనికి గిదేం న్యాయం?”

“నాలుగింటి దాక టైముందక్కా. నీకు ఇంకేమన్న యాదికొచ్చిందా?”

“గొంగడి చూస్తిని పొద్దుగాల. మంచం కిందుండె. ఒక మూల లేదు చెల్లే, పీకినట్టు చినిగింది. మొన్న పొద్దుగాల నేనే మడతపెట్టి భుజానేసిన, అప్పుడు మంచిగనే ఉండె.”

“ఆ గొంగడి ఎవరికియ్యకు. ఎవరడిగినా ఇయ్యకు,” అన్నాను.

“ఎవరడుగుతరు? అవు గనీ, నిన్న ఒక సారు వచ్చిండు. పండ్లిచ్చిండు. ఈయినెకు మాటొచ్చిందా, ఏమన్న చెప్పిండా అనడిగిండు. పెద్ద మనిషే. నువ్వు పంపినవనుకున్న.”

నేను ఎవరినీ పంపలేదు. ఎట్లుంటడు అని అడిగేలోపు అటు నర్సు పిలిచింది, ఫోన్ ఆగిపోయింది.

పదకొండుంపావుకు షెడ్డు ముందు ఆటో ఆగి రఘుపతి సార్ దిగారు. కంపెనీలో అందరికంటే పాత సర్వేయర్. నాకు పని నేర్పిన మనిషి. నేను చేరిన పదహారేళ్ళలో మొదటి ఆరేళ్ళు ఆయన పక్క సీట్లో కూచుని ఊరూరా తిరిగాను. మర్రిగూడలో పుట్టి అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరగడంతో ఆయన కుడి మోకాలు చిన్నప్పుడే బిగుసుకుపోయింది. పూర్తిగా మడత పడదు. నడిస్తే కాలు కొంచెం ఈడుస్తారు, కింద కూచోలేరు. ఇద్దరి దారులూ నాలుగేళ్ళ కిందట విడిపోయాయి. ఆయన ప్రతిదానికీ ‘మార్చు’ అని రాస్తారు, నేను ‘బాగుచెయ్యి’ అని రాస్తాను. మీటింగుల్లో మా ఇద్దరి కొట్లాట చూడటానికే కొందరు వస్తారు.

“ఏం స్వర్ణా, ఓనర్‌తోటి లొల్లి పెట్టుకున్నవంట? కంపెనీకి కంప్లయింట్ పోయింది. రెండో సంతకానికి నన్ను పొమ్మన్నరు.” బంపర్ దగ్గరికి వచ్చి, నిలబడే ఒకసారి చూశారు. “రిపేర్ రాసినవా? శభాష్. కరెక్టు రాసినవ్. గింత పగులుకు కొత్తదెందుకు? కానియ్ పరశురాములూ, కడుగు.”

పరశురాములు బకెట్ అందుకున్నాడు.

“ఆగు!” అన్నాను. గట్టిగానే అరిచినట్టున్నాను, బకెట్ తొణికింది.

పదహారేళ్ళలో ఈ మనిషి నోటినుంచి రిపేర్ అన్న మాట నేను వినలేదు. అద్దానికి మరక పడితే అద్దం మార్చమని రాసిన చెయ్యి అది. ఇవాళ నన్ను మెచ్చుకుంటోంది.

“బంపర్ విప్పు పరశురాములూ. లోపల చూడలేదు నేను.”

“సంతకం పెట్టినంక విప్పుడేంది?” సార్ గొంతు కొంచెం మారింది. “నీ రిపోర్టు మీద నీకే నమ్మకం లేదా?”

“ఇయ్యాల లేదు సార్.”

“అనుమానం రోగం స్వర్ణా నీకు. నాలుగేండ్లు నాతోటి పంచాయతి పెట్టుకుంటివి. ఇయ్యాల నీ మాటే కరెక్టంటే గది కూడ తప్పేనా?”

“మీరు నేర్పిందే కదా సార్. విప్పకుండ రాసిన సర్వే, పల్స్ చూడకుండ రాసిన మందుచీటీ ఒక్కటే అన్నరు.”

పరశురాములు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్క్రూ డ్రైవర్ తీశాడు. అతన్ని మెచ్చుకోవాలి. ఎనిమిది నిమిషాల్లో బంపర్ ఊడి బల్ల మీదికి వచ్చింది.

తిరగేశాం. బంపర్‌ను బండికి పట్టి ఉంచే ఎడమ పక్క బ్రాకెట్ మొదలంటా విరిగిపోయింది. గొర్రె తగిలితే అది విరగదు. విరిగిన పలుకులో, పగులు లోపలి అంచున, నల్లటి ఉన్ని కుచ్చు ఇరుక్కుని ఉంది.

“గదే మేడం!” చాయ్ తాగి వచ్చిన శ్రీశైలం వెనుకనుంచి అన్నాడు. “గొర్రె ఉన్ని. నేను చెప్పలే? సాక్ష్యం ఉండాలెనని గట్లనే ఉంచిన, తియ్యలే.”

“ఎవరు ఉంచుమన్నరు?”

“ఎవరంటే… నేనే.”

“గొర్రె ఏ రంగు?”

అతను రఘుపతి సార్ వైపు చూడబోయి ఆగాడు. “తెల్లది. అంటే, తెలుపు మీద గోధుమ మచ్చలు.”

“ఎట్లాంటి గొర్రె?”

“గవే మేడం, సర్కారోళ్ళు ఇచ్చినవి. పొడుగు కాళ్ళు, ఏలాడే చెవులు. మా దిక్కు ఇప్పుడన్ని గవే. గోదాం ఎన్క మంద పెట్టిన్రు, అండ్లకెళ్ళి ఒకటి ఉరికొచ్చింది.”

“బాగ చూసిన్రా?”

“నా కండ్లతోటి చూసిన.”

“ఆంధ్ర దిక్కునుంచి తెచ్చిన ఆ గొర్లకు ఉన్ని ఉండదు శ్రీశైలం గారూ. మేకకున్నట్టు వెంట్రుకే. ఉన్ని మా పాత నల్ల గొర్రెకుంటది. మీరేమో తెల్లదంటున్నరు. గిది చూస్తే బొగ్గు లెక్కుంది.”

శ్రీశైలం వంగి కుచ్చు వైపు చూశాడు. “నల్లదే కావచ్చు. ఎండకు తెల్లగ కనపడ్డది.”

పరశురాములు ముసిముసిగా నవ్వి, నవ్వినందుకు భయపడి తల దించుకున్నాడు.

నేను బ్యాగులోంచి చిన్న పట్టకారు, ప్లాస్టిక్ సంచి తీశాను. ఆ కుచ్చు సగం బయటికి లాగాను. దాని కొసలు దగ్గరగా చూశాను. గొర్రె వీపు మీద ఉన్ని విడిపోయి మెత్తగా ఉంటుంది. ఇది పురి తిరిగి ఉంది. ఒక దారం నిలువు, ఒక దారం అడ్డం. ఎవరో కూచుని వడికి, మగ్గం మీద నేసింది. వేళ్ళతో పట్టుకుంటే గరుగ్గా, గంజి పెట్టిన గుడ్డలా బిరుసుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గొంగడి నేసేటప్పుడు దారానికి చింతగింజల గంజి పెడతారు. మా ఇంటి పంచలో ఆ వాసన నడుమ పెరిగినదాన్ని. నాకు ఇంకో ప్రయోగశాల అక్కర్లేదు.

“గిది గొర్రె మీది ఉన్ని కాదు. మనిషి మీది గొంగడి. మర్రిగూడ కాడ కురుమయ్య భుజం మీదికెల్లి పీకింది. దీని మిగతా సగం పెద్ద దవాఖానల ఆయన మంచం కిందున్నది.”

 శ్రీశైలం రుమాలు తీశాడు కానీ ముఖం తుడుచుకోవడం మరిచిపోయాడు.

ముందుగా తేరుకున్నది రఘుపతి సార్. “స్వర్ణా, మనం సర్వేయర్లం. పోలీసోళ్ళం కాదు. గొంగళ్ళు ప్రతి కాపరికుంటయి. బండి మీద చెయ్యేసే హక్కు నీకు లేదు. ఓనర్ ఒప్పుకోకుంటే నువ్వు గా ప్లాస్టిక్ ముక్క కూడ ఇంటికి కొంచవోలేవు. నీ పని రిపేరా, మార్చుడా, గంతే. రాసినవ్, అయిపోయింది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రిపేర్ అని రాస్తే బంపర్ ఓనర్‌దే. కడుగుతాడు, గీకుతాడు, కాలుస్తాడు, రంగు కొడతాడు. రేపటికి గొంగడి దారం కాదు కదా, పగులు కూడా మిగలదు. పైగా ‘సోమవారం, హాలియా, గొర్రె’ అన్న నా రిపోర్టు మిగులుతుంది. మొండి స్వర్ణ సంతకం కింద ఉన్న తేదీని ఏ ఎస్సైయీ ప్రశ్నించడు. చప్పుడు లేకుండా సొంత ఖర్చుతో బాగుచేయించుకోక, అసలు క్లెయిమ్ ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. వాళ్ళకు బంపర్ పైసలు అక్కర్లేదు. మంగళవారాన్ని సోమవారంగా మార్చే నా సంతకం కావాలి.

నేను రిపోర్టు తెరిచాను. ‘రిపేర్’ మీద అడ్డగీత కొట్టాను. పక్కన రాశాను: లోపలి బ్రాకెట్ మొదలంటా విరిగినందున వెల్డింగ్ నిలవదు, కొత్త బంపర్ వేయాలి. కింద సంతకం, టైము పదకొండు యాభై రెండు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ముందే విప్పి ఉంటే ముందే రాసేదాన్ని.

“మీ కోరిక తీరింది శ్రీశైలం గారూ. కొత్త బంపర్ ఇచ్చిన.”

“వద్దు మేడం!” కేక పెట్టాడు. “నాకు కొత్తదొద్దు! రిపేరే చాలు!”

“పొద్దున అతుకుల బంపరేసుకుంటే ఇజ్జత్ పోతదంటిరి?”

“పోతె పోనీ! నా బంపర్ నాకియ్యండ్రి!”

“కొత్తది రాసినంక పాతది కంపెనీ సొత్తు. సార్‌నే అడగండ్రి, ఈ రూలు నాకు నేర్పింది ఆయినెనే.” పరశురాములుతో బంపర్‌కు గోనెపట్టా చుట్టించి, టేపు వేయించి, టేపు మీద నేనూ అతనూ సంతకాలు చేశాం.

రఘుపతి సార్ కర్చీఫ్‌తో కళ్ళద్దాలు తుడుస్తున్నారు. నాతో కొట్లాటలో ఆయన ఇంత తొందరగా ఎన్నడూ ఆగింది లేదు.

గేటు రిజిస్టర్ తెమ్మన్నాను. బండి షెడ్డుకు వచ్చింది మంగళవారం రాత్రి ఎనిమిది యాభైకి. తెచ్చినవాళ్ళ పేరు దగ్గర ‘శ్రీశైలం మనిషి’ అని ఉంది. మర్రిగూడ నుంచి ఇక్కడికి రెండు గంటలు. ఆరు యాభై, ఎనిమిది యాభై.

“ఎవరు తెచ్చిన్రు పరశురాములూ?”

“నేను ఇంటికి పోయిన మేడం. వాచ్‌మన్ ఉండె. వాడు ఇయ్యాల ఊరికి పోయిండు. తాళం చెవి వాని చేతిలవెట్టి చీకట్లనే పోయిన్రంట. పొద్దుగాల మేం నలుగురం కిటికీలకెళ్ళి స్టీరింగ్ పట్టుకొని లోపటికి తోసినం. సీట్ల ఎవరం కూసోలె.”

సీట్లో ఎవరూ కూచోలేదు. నేను కారు వైపు చూశాను. తెరిచిన తలుపులోంచి డ్రైవర్ సీటు కనిపిస్తోంది. పట్టా మీద చిట్టచివరి గాడి దాకా వెనక్కి జరిగి, నడుము కొంచెం వాలి ఉంది. జానెడు దూరంలో వేలాడిన శ్రీశైలం కాళ్ళు గుర్తొచ్చాయి. ఇది కాలు చాచి తప్ప కూచోలేని మనిషి జరుపుకున్న సీటు. కాలు ఈడుస్తూ నడిచేవాళ్ళు మర్రిగూడ దిక్కున వేలమంది ఉన్నారు. పండ్లు తెచ్చే పెద్ద మనుషులూ ఉన్నారు. కానీ పండ్లు తెచ్చి, మాట వచ్చిందా అని అడిగి, నా పెన్ను సంగతి కూడా తెలిసిన మనిషి?

నాకు తెలిసిపోయింది. మంగళవారం సార్ ఒక ఎరువుల గోదాం అగ్గి క్లెయిమ్ చూడటానికి హాలియా పోయారని ఆఫీసులో విన్నాను కూడా. ఈ ఒక్క విషయంలో నేను పొరపడి ఉంటే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

“సార్,” అన్నాను మామూలుగా. “మార్చి రాసిన కదా, రెండో సంతకం మీది. మీటరు రీడింగ్ మీరే చూసి వెయ్యాలె.”

“నువ్వు చూసినవ్ కద.”

“నేను అనుమానం మనిషిని సార్. మీరు చూస్తేనే బాగుంటది.”

ఆయన నిట్టూర్చి కారు దగ్గరికి నడిచారు. ఆరేళ్ళు నేను చూశాను. ఎవరి బండి ఎక్కినా ఈ మనిషి మొదట చేసే పని, వంగి సీటు కింద లివర్ పట్టుకుని, బండిగలాయనను తిట్టుకుంటూ సీటును ధన్‌మని వెనక్కి నెట్టడం. తరువాతే కుడి కాలు చాచి లోపల పెడతారు. లేకుంటే ఆ మోకాలు స్టీరింగ్ కింద పట్టదు. చిన్న కారైనా, ఎమ్మెల్యే బండైనా అంతే.

రఘుపతి సార్ తలుపు పట్టుకున్నారు. తిన్నగా సీట్లో కూచున్నారు. కుడి కాలు చాచి లోపల పెట్టారు. మోకాలు స్టీరింగ్ కింద, కొలిచి కుట్టినట్టు పట్టింది. చెయ్యి లివర్ దగ్గరికి పోలేదు.

“నలభై రెండు వేల…” అని మొదలుపెట్టారు.

“సీటు జరపలేదేం సార్?”

అంకె సగంలో ఆగిపోయింది. ఆయన కిందికి, తన మోకాలి వైపు చూసుకున్నారు. 

నేను శ్రీశైలం వైపు తిరిగాను. “మంగళవారం సార్ మీ గోదాం అగ్గి క్లెయిమ్ చూస్తందుకు హాలియా వచ్చిన్రు. వాపస్ ఎట్ల పంపిన్రు?”

“నా బండే ఇచ్చిన మేడం,” ఏడుపు గొంతుతో అన్నాడు శ్రీశైలం. “బస్సు దొరకదంటే ఇచ్చిన. అర్ధగంటకోసారి ఫోన్ చేసి ఇట్ల చెప్పు, అట్ల అరువు, మేడంకు కోపం తెప్పియ్యి అన్నడు. గోదాం రిపోర్టు ఆయిన చేతిల ఉన్నది. నేనేం జేద్దు?”

రఘుపతి సార్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నారు. “బ్రేక్ మీదికి కాలు మలగలే స్వర్ణా,” అన్నారు. “చూసిన. మంద కనపడ్డది, మనిషి కనపడ్డడు. కాలే రాలే.”

“దిగకపోతిరి.”

“మా ఊరి తొవ్వ. దిగితే ప్రతోడు గుర్తుపడ్తడు. ఎన్కకెళ్ళి ఆటో ఒంటి లైటు కనపడ్డది. వాడు ఆగుతడులే అనుకున్న.”

“ఆగిండు సార్. ఆగినందుకే లోపలున్నడు.”

 నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుపు వచ్చింది, పరశురాములు చూడకుండా తుడుచుకున్నాను. ఇతని పక్కన కూచుని నేర్చుకోకపోతే ఇవాళ ఇతన్ని పట్టుకునేదాన్ని కాదు.

ఎస్సైకి ఫోన్ చేశాను. గుద్దిన బండి, బంపర్, నడిపిన మనిషి, మూడూ దొరికాయని చెప్పాను. మూడు గంటలకల్లా తెమ్మన్నాడు. టైము పన్నెండు ఇరవై. పరశురాములు నేను చెప్పకముందే తన ట్రాలీ ఆటో తీసి, గోనెపట్టా చుట్టిన బంపర్‌ను ఇద్దరు మనుషులతో పైకి ఎత్తించాడు.

“దిగండి సార్. సైదులు ఎదురుచూస్తున్నడు.”

ఆయన వెంటనే దిగలేదు. చాచిన కాలును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బయట పెట్టారు. “పదహారేండ్లు చూసిన నీ చేతిరాత. నువ్వు రిపేరే రాస్తవని నమ్మిన,” అన్నారు.

“రాసిన సార్,” అన్నాను. “మీరు శభాష్ అనకపోతే అదే పంపుతుంటి.”